చెప్పకుండా వెళ్ళినవాడు

కేప్ కోస్ట్,
మార్చి మొదటి వారం

ఒసే బాదువా,

ఫోన్ చేస్తే సగంలోనే తిట్లు అందుకుంటావు. కాగితాన్నయితే చివరిదాకా చదివి అప్పుడు తిడతావు. అందుకే ఎప్పట్లాగే తమాలే బస్సు నడిపే ఫుసేని చేతికిచ్చి పంపుతున్నా.

కొబినా అయెన్సు చనిపోయాడు.

ఎలా తెలిసిందో విను. నిన్న పొద్దున షాపు తీసి కంప్యూటర్ మీద గుడ్డ తీస్తున్నానో లేదో, నల్లబట్ట కట్టుకున్న ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. సున్యానీ నుంచి వచ్చానంది. పేరు గ్యమ్ఫియా. అక్కడి మార్కెట్లో అరటికాయలు అమ్ముతుందట. భర్త పోయాడట. సొంతూళ్ళోనే మట్టి చెయ్యాలని ఆయన కుటుంబ పెద్ద పట్టుబట్టాడట. శవం ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉంది, అంత్యక్రియలు జూన్‌లో, మన దగ్గర మామూలేగా. అంత్యక్రియల రోజు పంచే పుస్తకంలో వేసేందుకు 'భార్య నివాళి' రాసిపెట్టమని అడిగింది.

నాకిది కొత్తా? ఈ ఊళ్ళో పోయిన సగం మందికి భార్యనీ, కొడుకునీ, మనవరాల్నీ, చర్చి పాటల బృందాన్నీ నేనే. పేరు వాళ్ళది, ఏడుపు నాది. పక్క షాపు టైలరు నన్ను 'ఘోస్ట్ మేడమ్' అని పిలుస్తాడు, దెయ్యంలాగా వెనకుండి రాస్తానని. సరే కూర్చోమ్మా అని కుర్చీ వేసి, ముందు పేజీకి ఫోటో ఇవ్వమన్నాను. ఇచ్చింది.

కొంచెం లావయ్యాడు. జుట్టు పల్చబడింది. ఎడమ కనుబొమ మీద మచ్చ మాత్రం అలాగే ఉంది.

నేనేమన్నానో తెలుసా? "ఫోటో బావుంది, ప్రింటు స్పష్టంగా వస్తుంది" అన్నా.

చనిపోయాడని ఏడుపు రాలేదే నాకు. ఆవిడ కట్టుకున్న ఆ నల్లబట్ట కేసే చూస్తూ ఉండిపోయా. అది నాది కావాల్సింది అనిపించింది. విధవరాలిని చూసి కుళ్ళుకునే ఆడది లోకంలో ఉంటుందా అంటే, ఇక్కడుంది, నీ స్నేహితురాలే. నెలాఖరులో మళ్ళీ రమ్మన్నాను. రాయనా, మానేయనా?

నీ
మెన్సిమా

తమాలే,
మార్చి మధ్యలో

మెన్సిమా,

మానెయ్. ఉత్తరం ఇక్కడితో ఆపేసినా నా ఉద్దేశం నీకు అర్థమవుతుంది. కానీ తిట్టందే నాకు నిద్రపట్టదు.

నివాళులు రాసేవాళ్ళు ఆ ఊళ్ళో నువ్వొక్కదానివేనా? బస్ స్టాండు దగ్గర ఇంకో షాపుంది, అక్కడికి పొమ్మను. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. పన్నెండేళ్ళ కిందట మీ మేనమామలు ముగ్గురూ కొత్తబట్టలు కట్టుకుని, కొబినా తరఫు పెద్దలు తెచ్చే సారా సీసాలకి బల్ల ఖాళీ చేసి పెట్టుకుని కూర్చున్నారు. తలుపు తట్టి పిల్లనడగాల్సిన వాళ్ళెవరూ రాలేదు. నువ్వు బొట్లుబొట్లుగా చెమటలు కారుతున్నా మెళ్ళో వేసుకున్న పూసలు తియ్యలేదు. వాడి ఫోన్ మోగలేదు. వాడు పనిచేసే బోర్డుల షాపులో వాడి బ్రష్షులు లేవు. మర్నాడు వాడి ఊరు మౌరీ వెళ్ళి వాళ్ళమ్మని అడిగితే, చేపలు వేయిస్తూ తలెత్తకుండా "నాకేం తెలుసు" అంది. ఆ తరవాత ఒక ఏడాది పాటు నీకు తినిపించి, స్నానానికి లేపి, వీధిలోకి నడిపించింది ఎవరు? ఇప్పుడు వాడి భార్య నివాళిని నువ్వు రాస్తావా?

మా క్రిస్తబెల్‌కి ఈ సంగతి చెబితే ఫోన్ లోంచి తలెత్తకుండా, "చెప్పకుండా మాయమవడాన్ని ఘోస్టింగ్ అంటారమ్మా, అందరికీ జరుగుతుంది" అంది. అందరికీ వస్తే జ్వరం జ్వరం కాకుండా పోతుందా అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. జబ్బుకి పేరొచ్చింది గానీ, మందు రాలేదు.

ఇక్కడ మా క్లినిక్‌లో వేరే దెయ్యాలు. లెక్కలవాళ్ళొచ్చి మమ్మల్ని ఎండలో వరసగా నిలబెట్టి పేర్లు పిలిచారు. కొన్ని పేర్లకి ఎవరూ పలకలేదు. జీతాల పట్టీలో ఉన్నారు, వార్డులో ఎవరూ ఏనాడూ చూడని నర్సులు. నీ కొబినా కూడా అంతే. నీ పట్టీలో ఉన్నాడు, నీ బతుకులో లేడు. పేరు కొట్టెయ్.

చెప్పడం మరిచాను, సముద్రం వైపు బదిలీకి అర్జీ పెట్టుకున్నా. మా ఆయన పోయాక ఈ ఎండలో నాకెవరున్నారు? కేప్ కోస్టే అడిగాను. ఏమంటావు?

బాదువా

కేప్ కోస్ట్,
ఏప్రిల్

బాదువా,

తిట్టు. ఒప్పుకున్నాను.

అడక్కుండానే కారణం చెప్తా. నివాళి రాయాలంటే అడగాలిగా, ఆయనేం తినేవాడు, ఎలా నవ్వేవాడు, కోపం వస్తే ఏం చేసేవాడు అని. పన్నెండేళ్ళుగా నాకు తెలియనివన్నీ అడిగే హక్కు నాకు ఇలా తప్ప ఎలా వస్తుంది?

అడిగాను. అడిగి చచ్చాను.

మనకి తెలిసిన కొబినా కెంకే అనే ఆ మొక్కజొన్న ముద్దా, వేయించిన చేపా లేందే ముద్ద దిగనివాడు కదా. సున్యానీలో ఉడికిన పెండలం, అరటికాయ రోట్లో వేసి ఫుఫు దంచేవాడట. రోకలి పట్టి దంచేది ఆయన, రోట్లో చెయ్యి పెట్టి ముద్ద తిప్పేది ఈవిడ. "రోకలి పైకెళ్ళినప్పుడు చెయ్యి పెట్టాలి, దిగేలోపు తియ్యాలి మేడమ్. ఒక్కనాడూ నా వేలు నలగలేదు" అని చెయ్యి చాపి చూపించింది. బాదువా, నల్లటి, గరుకైన, నలగని ఆ చెయ్యి చూసి నా ఒళ్ళంతా మండిపోయింది. ఆరేళ్ళు నాతో తిరిగాడు. మా ఇంట్లో ఒక్కనాడు గరిటె ముట్టుకున్నాడా?

ఇంకా ఉంది. పొద్దున్నే నీళ్ళు తోడిపెట్టేవాడట. జ్వరమొస్తే వీపు మీద మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. మార్కెట్లో ఆవిడ బల్లకి తనే పేరు రాసి బోర్డు పెట్టాడట, ఎర్రరంగు మీద పసుపు అక్షరాలు. ఒక్కోటీ రాసుకుంటుంటే నా పెన్ను కాగితాన్ని చీల్చేసింది.

అప్పుడేం చేశానంటే, మొదటి నివాళిని కుళ్ళుతో రాశాను. నా వృత్తి రహస్యం నీకు తెలుసుగా. తాగుబోతు మొగుళ్ళకి 'నలుగురితో కలివిడిగా ఉండేవారు' అని రాస్తాను. చెయ్యి చేసుకునేవాళ్ళకి 'క్రమశిక్షణకు మారుపేరు'. ఇంటికి రానివాళ్ళకి 'అలుపెరగని శ్రమజీవి'. కొబినాకి మూడూ వేశాను. ఊళ్ళో వాళ్ళకి అర్థమవుతుంది, సున్యానీ ఆవిడకి ఏం తెలుస్తుందిలే అనుకున్నా.

ఆవిడ కాగితం బల్ల మీద పరిచి, వేలు పెట్టి, ఒక్కో మాటా పెదాలతో కూడబలుక్కుంటూ చదివింది. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న మనిషి చదువు అది. నేను ఆ సమయమంతా తలుపు కేసి చూస్తూ కూర్చున్నా. చివరికి కాగితం నా వైపు జరిపి, "ఇది మా ఆయన కాదు మేడమ్. ఇంకెవరి మొగుడో" అంది. కోపం లేదు ఆ గొంతులో. మళ్ళీ రాస్తానని చెప్పాను.

ఆవిడ పోయేటప్పుడు బయట నిలబడి మా షాపు బోర్డు కేసి చాలాసేపు చూసింది. ఆ బోర్డు రాసింది వాడేగా. రెండుసార్లు తెల్లరంగు పూయించినా, నాలుగు చినుకులు పడితే చాలు, లోపలి పాత అక్షరాలు పైకి తేలతాయి. పెయింటు నాసిరకమని అనుకుని ఉంటుంది.

ఇంకా రాయాలని ఉంది గానీ బస్సు వెళ్ళిపోతుందని ఫుసేని హారన్ కొడుతున్నాడు.

మెన్సిమా

తమాలే,
ఏప్రిల్ చివర

మెన్సిమా,

అందింది. గ్యమ్ఫియాగారి చేతులు ఎలా ఉంటాయో, ఫుఫు ఎలా తిప్పుతుందో, కాగితం మీద వేలెలా పెడుతుందో అన్నీ తెలిశాయి. సంతోషం.

ఇక్కడ ఎండలు. ఆ లేని నర్సుల పేర్లు తీసేశారట. ఉన్న నర్సుల పేర్లు కూడా రెండు పోయాయి, వాటిలో నాదొకటి. ఈ నెల జీతం రాలేదు. నేను బతికే ఉన్నానని కాగితం తెచ్చుకోమన్నారు. తెచ్చుకుంటాలే.

జాగ్రత్త.

బాదువా

కేప్ కోస్ట్,
మే

బాదువా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

రెండోసారి రాసిన నివాళి చూపించడానికి ఆవిణ్ణి ఇంటికే రమ్మన్నాను. ఈసారి నిజాయితీగానే రాశానే. ఫుఫు సంగతీ, నీళ్ళ సంగతీ అంతా పెట్టాను. చివర 'తుదిశ్వాస వరకూ నా చెయ్యి వదలని భర్తా' అని ముగించాను. అదీ నా చేత్తోనే రాశాను.

ఆవిడ వేలు ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఇది కొట్టెయ్యండి" అంది. ఎందుకన్నాను.

"మూడేళ్ళ కిందట పొద్దున్నే టీ తాగాడు. కప్పు కడిగి బోర్లించాడు. చెప్పులేసుకుని బయటికెళ్ళాడు. అంతే మేడమ్. పోట్లాట లేదు, మాట లేదు. ఫోన్ పనిచెయ్యలేదు. వాళ్ళవాళ్ళని అడిగితే మాకేం తెలుసన్నారు. మళ్ళీ ఈ జనవరిలో ఫోనొచ్చింది, తకొరాడిలో నిచ్చెన మీంచి పడి చనిపోయాడని."

నాకేమనిపించి ఉండాలి? జాలి కదా. బాదువా, నీ దగ్గర దాచను. ముందు సంతోషం కలిగింది. నన్నొక్కదాన్నే వదిలి పోలేదు అనే సంతోషం. పచ్చి సంతోషం. అది మొహంలో కనపడకుండా లేచి నీళ్ళు తేవడానికి లోపలికెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ అంది, "మీరెవరో నాకు తెలుసక్కా."

అప్పటిదాకా మేడమ్. ఇప్పుడు అక్క.

కొబినా పెళ్ళికి ముందే చెప్పాడట. కేప్ కోస్ట్‌లో ఒకమ్మాయి ఉండేది, చాలా బాగా రాస్తుంది, వాళ్ళ తలుపు తట్టాల్సిన రోజునే వచ్చేశాను అని. ఎందుకని అడిగితే మాట మార్చాడట. అదొక్కసారే. కానీ ఆ ఒక్కసారి చాలు కదే ఆడదానికి. ఎవరైనా మంచి ఉత్తరం రాస్తే ఆయన మెచ్చుకునేవాడట. ఆ మెచ్చుకోలు వినపడినప్పుడల్లా ఈవిడకి నేను గుర్తొచ్చేదాన్ని. నేను ఎలా ఉంటానో తెలియదు కనుక, లోకంలోని అందగత్తెలందరి మొహాలూ నాకు పెట్టి చూసుకునేదట.

"బోర్డు రాసిపెట్టాడని చెప్పాను కదక్కా. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఏం రాశావంటే నీ పేరే అన్నాడు. నమ్మకం కలగలేదు. పక్కనున్న ఉల్లిపాయలావిణ్ణి అడుగుదామంటే సిగ్గు. అది నా పేరు కాదు, నీదేమో అన్న అనుమానంతో ఆ బోర్డు కింద కూర్చుని అరటికాయలు అమ్మాను. చర్చిలో పెద్దవాళ్ళకి సాయంత్రం చదువు చెప్తారంటే వెళ్ళి చేరాను. అందరూ బైబిల్ కోసం చేరారు. నేను ఆ బోర్డు కోసం చేరాను."

"ఎవరి పేరు ఉంది?" అనడిగాను. నా పేరుంటే బావుండునని అనుకున్నానే.

"నాదే" అంది.

తరవాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. మా షాపు బోర్డు మీద తేలిన పాత అక్షరాలు చూసి మొదటిరోజే నన్ను గుర్తుపట్టిందట. ఆ అక్షరాల తోకలు ఆవిడకి తెలుసు, చదువు నేర్చుకున్నది వాటి మీదే. కుటుంబంవాళ్ళు వేరే షాపు చూపించారట, బాగా రాసే ఆడదెవరని అడుగుతూ ఈవిడే వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చింది. ఎలా ఉంటానో చూడాలని. "చూసి నిరాశపడ్డాను, మామూలుగానే ఉన్నావు" అంది.

ఇప్పుడు మా ఇద్దరికీ ఒకటే అనుమానం. తకొరాడిలో ఎవరున్నారు? మూడో ఆడది ఉండే ఉంటుంది. చూసి రావాలి. వచ్చేవారం వెళ్తున్నాం. ఏమంటావు?

మెన్సిమా

కేప్ కోస్ట్,
జూన్ మొదట్లో

బాదువా,

జవాబు రాలేదు. ఫుసేనిని అడిగితే నీ చేతికే ఇచ్చానని ఒట్టేశాడు. ఒంట్లో బాగుందా? ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తవు. క్రిస్తబెల్‌కి చేస్తే, అమ్మ డ్యూటీలో ఉంది ఆంటీ అంటుంది. ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటావా?

తకొరాడి వెళ్ళొచ్చాం. పోట్లాటకి సిద్ధమై వెళ్ళాం. గ్యమ్ఫియా దారిపొడుగునా ఆ మూడోదాన్ని ఏమని తిట్టాలో చెప్తూనే ఉంది, నేను ఇంకా ఘాటైన మాటలు అందించాను. రేవు దగ్గర ఒక సందులో, వాడు అద్దెకున్న ఇంటామె వాడి గది తలుపు తీసి చూపించింది. చాప. రంగు డబ్బాలు. ఒక పళ్ళెం. ఒక గ్లాసు. గోడకి ఒకే ఒక మేకు, దానికొక చొక్కా.

ఎవరూ లేరు. ఎవరూ వచ్చేవారు కాదట. ఇంటామె మంచిది, పాపం. "నెమ్మదైన మనిషి. అద్దె ఆపలేదు. భార్యాపిల్లలున్నారా అంటే నవ్వేవాడు" అంది. వెనక్కి వెళ్ళిపోదామనుకుంటున్నట్టు ఎప్పుడైనా అన్నాడా అని గ్యమ్ఫియా అడిగింది. లేదంది.

నేను ఆ పళ్ళెం కేసే చూస్తూ నిలబడ్డాను. పన్నెండేళ్ళుగా నేను మోసిన కుళ్ళంతా ఆ గదిలో ఎవరి మీద పెట్టాలి? పెట్టడానికి మనిషే లేదు. గ్యమ్ఫియా చాప మీద కూలబడి, "ఒకత్తి ఉంటే బావుండేదక్కా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంటామె మాకిద్దరికీ మంచినీళ్ళు ఇచ్చి, మీలో భార్య ఎవరని అడిగింది.

అంత్యక్రియల దాకా గ్యమ్ఫియా మా ఇంట్లోనే ఉంటోంది. వాళ్ళ కుటుంబంవాళ్ళు పెట్టిన గదిలో కప్పు కారుతోంది. నివాళి ఇద్దరం కలిసి రాస్తున్నాం. నేను ఒక వాక్యం చెప్తే కాదంటుంది, తను ఒకటి చెప్తే నేను దిద్దుతాను.

బాదువా, ఒక్క మాట రాయవే. తిట్టయినా సరే. నువ్వు రాయకపోతే నాకేదో భయంగా ఉంది. ఈ భయం నాకు తెలిసినదే.

మెన్సిమా

తమాలే,
జూన్

మెన్సిమా,

ఒంట్లో బాగానే ఉంది. ఉత్తరాలన్నీ అందాయి. ఫోన్ మోగడం విన్నాను.

చెప్పేస్తాను, నాకు కుళ్ళు. ఆవిడంటే కాదు, నువ్వంటే. కాదు, ఆవిడంటేనే. ఏమో, రెండూ.

మా ఆయన పోయినప్పుడు నివాళి రాసిపెట్టమంటే ఒక్కపూటలో రాసి పంపించావు. బాగానే ఉంది, అందరూ మెచ్చుకున్నారు. ఈవిడకి మార్చి నుంచి జూన్ దాకా రాస్తున్నావు. తకొరాడి సముద్రం చూద్దామని నేనెన్నిసార్లు అడిగాను? షాపు మూసి రాలేనన్నావు. ఆవిడతో మూసి వెళ్ళావు. ఆ చెడ్డ ఏడాదంతా నీ పక్కన పడుకుని, నువ్వు ఊపిరి తీస్తున్నావో లేదో చూసింది నేను. నీ ఏడుపు నేను మోశాను. నీ నవ్వు ఆవిడకిచ్చావు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వామని రాశావే, ఆ కాగితాన్ని నలిపి పారేసి మళ్ళీ తీసి సాపు చేసుకున్నాను.

బదిలీకి అర్జీ పెట్టానని రాశాను. ఏమంటావని అడిగాను. ఒక్క మాటన్నావా? నా పేరు జీతాల పట్టీలోంచి పోయిందని రాశాను. నవ్వావేమో కూడా తెలియదు. నీ ఉత్తరాల్లోంచి కూడా పోయిందని అప్పుడనుకున్నాను.

మొదటివారం కోపంతో రాయలేదు. తరవాత కోపం తగ్గింది. రాద్దామని కూర్చుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో ముందు చెప్పాలి కదా అని సిగ్గేసింది. రేపు రాద్దాంలే అనుకున్నా. రేపటికి ఆ సిగ్గు ఇంకొంచెం పెరిగింది. నీ ఫోన్ మోగుతుంటే చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఎత్తాలని ఉంది, చెయ్యి రాలేదు. మెన్సిమా, వాడెలా వెళ్ళిపోయాడో నాకిప్పుడు తెలిసింది. నిన్ను వద్దనుకుని వెళ్ళి ఉండడు. ఒకపూట మొహం చాటేసి ఉంటాడు. ఆ పూటకి సంజాయిషీ చెప్పుకోలేక రెండోపూట. అలా వెళ్తూ వెళ్తూ పన్నెండేళ్ళు వెళ్ళాడు. ఇది వాణ్ణి వెనకేసుకు రావడం కాదు. పిరికివాడు. నేనూ పిరికిదాన్నే, కాకపోతే నాకు పెన్నుంది.

బదిలీ వచ్చింది. కేప్ కోస్టే ఇచ్చారు. వద్దని రాసి కవర్లో పెట్టాను. ఇంకా పంపలేదు.

బాదువా

కేప్ కోస్ట్,
జూన్ చివర

నా బాదువా,

నీ ఉత్తరం అంత్యక్రియల ముందురోజు అందింది. చదివాను. మళ్ళీ చదివాను. గ్యమ్ఫియా ఏమైందక్కా అంటే, నువ్వు కాసేపు మాట్లాడకు అన్నాను. నువ్వన్న ప్రతి మాటా నిజం. క్షమించమని అడగను, అడిగితే నువ్వు క్షమించేసి మళ్ళీ నన్ను మొయ్యడం మొదలుపెడతావు. నీ అర్జీ సంగతి చదివిన రోజు నేనేమనుకున్నానో చెప్తాను. బాదువా వచ్చేస్తుందిలే, ఎక్కడికి పోతుంది అనుకున్నా. చెప్పకుండా వెళ్ళినవాడి గురించి అన్ని కాగితాలు నింపాను. ఎక్కడికీ వెళ్ళనిదానికి జవాబు రాయడం మరిచాను.

అంత్యక్రియలు ఎలా జరిగాయో చెప్తాను, విని తీరాలి, ఎందుకంటే అందులో నువ్వున్నావు.

మౌరీలో బీచికి ఎగువన పందిళ్ళు వేశారు. ఎర్రబట్టలు, నల్లబట్టలు, బాజాలు. కుటుంబ పెద్ద నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను చివరి వరసలో కూర్చున్నా, రాసేవాళ్ళ చోటు అదేగా. చర్చి వాళ్ళ నివాళి అయింది, మేనల్లుళ్ళది అయింది. భార్య నివాళిని మైకు పట్టుకున్నాయన చదవబోతుంటే గ్యమ్ఫియా లేచి, నేనే చదువుతానంది.

వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. మొదట్లో జనం విసుక్కున్నారు. విసనకర్రలు గట్టిగా ఊగాయి. నాకైతే ఆ కాగితం లాక్కుని గబగబా చదివేద్దామనిపించింది. తరవాత విసనకర్రలు ఆగిపోయాయి.

"కొబినా, నువ్వు నాకు నీళ్ళు తోడావు. నువ్వు రోకలి వేస్తే నా వేలు ఏనాడూ నలగలేదు. ఒకరోజు కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయావు. వెళ్తానని చెబితే నిన్ను ఆపేదాన్ని కాదు, దారిలో తినడానికి ఏదైనా కట్టిచ్చేదాన్ని. నీ గది చూశాను. అక్కడ నీతో ఎవరూ లేరని తెలిసి నాకు కోపం పోయింది, దిగులు మిగిలింది. నువ్వు ఎవరికీ చెప్పలేదు. పిరికితనం ఎంత ఒంటరిదో నాకిప్పుడు తెలిసింది."

ఆ చివరి మాట నీదే. నీ ఉత్తరం చదివాక ముందురోజు సాయంత్రం మేం కలిపాం. నిన్నడగకుండా వాడుకున్నాం.

తరవాత ఆవిడ కాగితం మడిచింది. ఇక మిగిలింది మేం రాయలేదు, ఆవిడ సొంతంగా చెప్పింది. "ఇది నేనొక్కదాన్నే రాసింది కాదు. అరబా మెన్సిమా రాసింది. ఈ పెద్దలు పన్నెండేళ్ళ కిందట ఆవిడ తలుపు తట్టాలి. తట్టలేదు. ఆవిడ ఆ చివర కూర్చుంది."

తలలన్నీ తిరిగాయి బాదువా. ఇన్నేళ్ళుగా ఎంతమంది చావుల్లో నేను మాట్లాడానో, ఒక్కరూ నా వైపు చూసిన పాపాన పోలేదు. కుటుంబ పెద్ద దగ్గాడు. బాజావాళ్ళకి సైగ చేశాడు, వాళ్ళు వాయించలేదు. నేను లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. శవపెట్టె దగ్గర ఆవిడ వంగి, అందరికీ వినపడేలా అంది.

"వెళ్ళొస్తానని అనను. వెళ్తున్నాను."

నేనూ అదే మాట అన్నాను, లోపల్లోపల కాదు, పైకి.

కుళ్ళు పోయిందా అంటే పూర్తిగా పోలేదు. పెట్టె మీద మట్టి వెయ్యడానికి ముందు ఆవిణ్ణి పిలిచారు, నన్ను పిలవలేదు. అప్పుడు కొంచెం చురుక్కుమంది. నీ దగ్గర అబద్ధమెందుకు?

ఇంక నీ కవరు సంగతి. చింపెయ్. వచ్చెయ్. నాకు ఎవరో ఒకరు కావాలని కాదు, నువ్వే కావాలి. నేనింత సూటిగా కొబినాని కూడా ఏనాడూ అడగలేదు.

మెన్సిమా

తమాలే,
జూలై

మెన్సిమా,

కవరు చింపలేదు. లోపల కాగితం మాత్రం మార్చి, వస్తున్నానని రాసి పంపాను. గవర్నమెంటు కవరు ఎందుకు పాడుచెయ్యాలి?

నేను బతికే ఉన్నానని ఇక్కడి ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. జీతం వచ్చింది. క్రిస్తబెల్ కాలేజీ హాస్టల్‌కి మారుతోంది. వార్డులో అందరికీ, గేటు దగ్గర వేరుశనగలు అమ్మే ముసలామెకి కూడా, వెళ్తున్నానని చెప్పాను. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెప్పి వెళ్ళడం ఇంత కష్టమని నాకు తెలియదు.

శుక్రవారం ఫుసేని బస్సులో వస్తున్నా. ముందు సీటు ఉంచమని చెప్పాను. ఆ గ్యమ్ఫియా ఇంకా మీ ఇంట్లోనే ఉందని విన్నాను. ఉండనియ్, ఫుఫు తిప్పడం నాకూ నేర్పిస్తుంది. కానీ రాత్రి పడుకునేటప్పుడు ఆవిణ్ణి గోడవైపు జరగమను. నీ పక్క నాది.

బాదువా